ఎయిర్‌గన్ నల్ల పెయింట్ పెచ్చులు లేచింది, గీతలు పడ్డాయి: టచప్ ఎలా చేయాలి?

పెల్లెట్177 (కాకినాడ)

నమస్కారం అండి. నాది .177 (పెల్లెట్ అనే చిన్న గుండు సైజు) బ్రేక్ బారెల్, అంటే బారెల్ వంచి స్ప్రింగు బిగించే ఎయిర్ రైఫిల్, దేశీ తయారీ. బ్లూయింగ్ (ఉక్కునే రసాయనంతో నల్లబరచడం) కాదు, నల్ల పెయింటే. మెరుపూ కాదు, పూర్తి మ్యాటూ కాదు, రెండింటికీ మధ్యలో ఉంటుంది. మూడు చోట్ల పాడైంది. బారెల్ మూతికి రెండంగుళాల ఇవతల కందిపప్పు బద్దంత పెచ్చు లేచి ఉక్కు కనిపిస్తోంది, అంచున గోధుమ రంగు మొదలైంది. ట్రిగ్గర్ గార్డు మీద తెల్లగా మెరిసే గీత ఒకటుంది, గోరు పెడితే తగులుతుంది, అక్కడ అయస్కాంతం అంటుకోవడం లేదు. ఇక స్కోప్ మౌంట్ పక్కన వెంట్రుకల్లాంటి సన్న గీతలు, అవి గోరుకు తగలవు.

ఇంట్లో నల్ల పర్మనెంట్ మార్కర్, గ్లాస్ బ్లాక్ (మెరిసే నలుపు) స్ప్రే డబ్బా ఉన్నాయి. అడగాలనుకున్నవి: ఇంత చిన్నదానికి ప్రైమర్ అవసరమా? స్ప్రే మేలా, బ్రష్ మేలా? కోల్డ్ బ్లూ (ఉక్కును నల్లబరిచే ద్రవం) రాస్తే సరిపోతుందా? ఇక్కడ వానలు మొదలయ్యాయి, ఆగాలా?

ఆటోనగర్_రంగులు (విజయవాడ)

మూడు చోట్లకీ ఒకే మందు పనికిరాదు. ముందు మూడింటికీ ఉమ్మడిగా చేయాల్సింది చెబుతాను, ఎందుకంటే టచప్ ఊడిపోయేది ఎక్కువగా అక్కడే.

ఎయిర్‌గన్ మీద సిలికాన్ ఉంటుంది. తుప్పు పట్టకుండా తుడిచే సిలికాన్ గుడ్డ, సీలుకు వేసే సిలికాన్ నూనె, ఏదో ఒకటి పైన పట్టే ఉంటుంది. దాని మీద పెయింట్ వేస్తే పరుచుకోదు. చేప కళ్లలా గుండ్రటి గుంటలు పడి, మధ్యలో లోహం బయటికి చూస్తుంది. స్పిరిట్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లాంటివి చెమటనీ మామూలు జిడ్డునీ తీస్తాయి గానీ సిలికాన్‌ను సరిగ్గా తీయవు. కారు పెయింట్ షాపులో 'వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్' అని అడగండి, అది లేకపోతే మినరల్ టర్పెంటైన్. తడి గుడ్డతో రుద్ది, ఆరేలోపే రెండో పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఒకే గుడ్డతో తిప్పి తిప్పి తుడిస్తే జిడ్డు చోటు మారుతుందే తప్ప పోదు. ఇలా రెండు మూడు సార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డ. చివర ఒకసారి ఐసోప్రొపైల్. పెట్రోలు, కిరోసిన్ వద్దు: కిరోసిన్ నూనె పొరను వదిలి వెళ్తుంది, పెట్రోలుతో నిప్పు భయం.

జిడ్డు పోయిందో లేదో తెలుసుకోవాలంటే నాలుగు చుక్కల నీళ్లు వేయండి. నీళ్లు పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు, పూసల్లా విడిపోతే ఇంకా ఉన్నట్టు. చూడగానే తుడిచి హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టండి. ఉక్కు మీద ఆ తడిని పది నిమిషాలు వదిలినా మీ కాకినాడ గాలికి తుప్పు మొదలవుతుంది.

రెండోది, ఇప్పుడున్న పెయింట్ ఏ రకమో తెలియాలి. స్టాక్ (గన్ కర్ర భాగం) స్క్రూలు విప్పితే ట్యూబు అడుగున, కర్రలో దాగి ఉండే భాగం బయటపడుతుంది. అక్కడ దూది పుల్లతో అసిటోన్ అద్ది పది సెకన్లు రుద్దండి. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడకండి, చాలావాటిలో నూనె కలుపుతారు. నలుపు వెంటనే దూదికి వచ్చేస్తే అది లాకర్, అంటే మన ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ జాతి. మెత్తబడి జిగటగా మారినా, ముడతలు పడినా ఎనామెల్. ఏమీ కాకపోతే పౌడర్ కోటింగ్, లేదంటే హార్డెనర్ కలిపి వేసిన 2కే పెయింట్. దీన్ని బట్టే పైన ఏది వేయాలో తేలుతుంది. ఎనామెల్ మీద ఎన్‌సీ వేస్తే ఆ థిన్నర్ కింది పొరను కొరికి లేపేస్తుంది, పెచ్చు పోయిన చోటు కాస్తా రూపాయి బిళ్లంత ముడతలు పడుతుంది. ఎన్‌సీ మీద ఎనామెల్ వేస్తే ఏ ఇబ్బందీ లేదు. పౌడర్ కోటింగ్ మీద ఏదైనా వేయొచ్చు, కానీ గరుకు చేయకుండా వేస్తే పట్టుకోదు.

ఇక బారెల్ మీది పెచ్చు. గోధుమ రంగు కనిపించింది కాబట్టి తుప్పు అంచు కింద లోపలికి పాకి ఉంటుంది. పైపైన రంగు వేస్తే నెల తిరిగేసరికి పక్కన బుడగలా లేస్తుంది. పెచ్చు మీద సెల్లోటేప్ గట్టిగా అంటించి ఒక్క ఊపున లాగండి, పట్టు లేని పెయింటంతా దానితో వస్తుంది. రంధ్రం పెద్దదైందని కంగారు పడొద్దు, ఎలాగూ ఊడేదే ఊడింది. తర్వాత 400 నంబరు వాటర్ పేపర్‌ను (గరుకు కాగితం) చిన్న ముక్కగా మడిచి, మెరిసే ఉక్కు వచ్చేదాకా తీయండి. ఉక్కులో నల్లటి చుక్కలు మిగిలితే అవి తుప్పు గుంతలు. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ రిమూవర్‌ను పుల్లతో అద్ది, డబ్బా మీద రాసినంత సేపు ఉంచి, నీళ్లతో తుడిచి, వెంటనే ఆరబెట్టాలి. చుట్టూ ఉన్న పాత పెయింట్ అంచును 600తో ఏటవాలుగా తీయాలి. వేలు పోనిస్తే మెట్టు తగలకూడదు. మెట్టు వదిలేస్తే ఎన్ని కోట్లు వేసినా ఆ గీత పైకి కనిపిస్తూనే ఉంటుంది.

ఉక్కు బయటపడిన చోట ప్రైమర్ తప్పదు, ఎంత చిన్నదైనా సరే. రెడ్ ఆక్సైడ్ వద్దు. అది మందం, పైగా రేపు గీత పడితే ఎర్రగా కనిపిస్తుంది. నల్ల లేదా బూడిద రంగు ఎపాక్సీ ప్రైమర్ పలచగా ఒక్క కోటు చాలు.

ట్రిగ్గర్ గార్డుకి అయస్కాంతం అంటలేదంటే అల్యూమినియమో జింక్ మిశ్రమమో. మామూలు ఎనామెల్ నేరుగా వేస్తే గోటితో గీకినా ఊడుతుంది. దానికి వాష్ ప్రైమర్ కావాలి, దాన్నే ఎచ్ ప్రైమర్ అంటారు. అందులోని ఆమ్లం లోహాన్ని కాస్త కొరికి పట్టు ఇస్తుంది. గీతను 400తో రుద్ది, శుభ్రం చేసి, వాష్ ప్రైమర్ అవతలి లోహం లీలగా కనిపించేంత పలచగా వేయండి. మందంగా వేస్తే ఆ పొరే పెళుసై ఊడుతుంది. రెండు డబ్బాల రకం కొంటే కలిపిన కొద్ది గంటల్లోనే వాడేయాలి, మిగిలింది మర్నాటికి పనికిరాదు.

మౌంట్ పక్కన వెంట్రుక గీతలకు పెయింటే వద్దు. గోరుకు తగలలేదంటే లోహం దాకా పోలేదు. సన్న రబ్బింగ్ కాంపౌండ్ శనగగింజంత మెత్తటి గుడ్డ మీద తీసుకుని రెండు నిమిషాలు రుద్దండి. కాకపోతే సగం మెరుపు పెయింట్ కాబట్టి ఎక్కువ రుద్దితే అక్కడొక్కటే అద్దంలా మెరిసి గీత కంటే అసహ్యంగా ఉంటుంది. మధ్యమధ్యలో ఆపి వెలుతురులో అడ్డంగా పెట్టి చూసుకోండి.

ఆటోనగర్_రంగులు

స్ప్రేనా బ్రష్షా అన్నది పైన మరిచాను. రెండూ కాదు, స్ప్రే డబ్బాలో రంగునే అగ్గిపుల్ల కొనతో వేయాలి. డబ్బాను బాగా ఊపి, చిన్న గాజు సీసాలోకి దగ్గరగా పట్టి ఓ స్పూను రంగు కొట్టండి. అందులో గ్యాస్ ఉంటుంది కాబట్టి నురుగులా బుడగలు వస్తాయి. మూత పెట్టకుండా అయిదు పది నిమిషాలు వదిలితే పోతాయి. ఆగకుండా వేస్తే ఆ బుడగలే ఎండి సూది గుచ్చిన రంధ్రాలవుతాయి.

కొన మీద చిన్న చుక్క తీసుకుని పెచ్చు మధ్యలో తాకించండి, దానంతటదే అంచుదాకా పారుతుంది. పూయకండి. ఒక్క చుక్కతో గుంత నిండదు, ఆరేకొద్దీ కుంగుతుంది. మూడు నాలుగు సార్లు వేసి, చుట్టూ ఉన్న మట్టం కంటే ఓ వెంట్రుకంత ఎత్తు రానివ్వాలి. ఎనామెల్ అయితే మధ్య విరామం డబ్బా మీద రాసినట్టే పాటించండి. చాలావాటికి 'గంటలోపు లేదా 24 గంటల తర్వాత' అని ఉంటుంది. ఆ మధ్యకాలంలో వేస్తే సగం ఎండిన పొర కింద థిన్నర్ చిక్కి ముడతలు వస్తాయి.

మట్టం చేసేముందు కనీసం వారం ఆగండి. పైకి గట్టిగా ఉన్నా అడుగు మెత్తగానే ఉంటుంది, పేపర్ పెడితే ముద్దగా లేస్తుంది. బారెల్ గుండ్రం కాబట్టి వేలితో రుద్దితే పక్క పెయింట్ కూడా పోతుంది. చుక్కకు రెండు వైపులా మాస్కింగ్ టేప్ రెండు మడతలు అంటించి, 1000 నంబరు వాటర్ పేపర్‌ను పెన్సిల్ రబ్బరు ముక్కకు చుట్టి, సబ్బు నీళ్లతో తడిపి రుద్దండి. పేపర్ టేపును తాకడం మొదలైతే ఒక మడత తీసేయండి. చివర టేప్ లేకుండా 2000తో నాలుగు సార్లు.

మీ దగ్గరున్న గ్లాస్ బ్లాక్‌తో ఇదంతా చేశాక కూడా మచ్చ కనిపిస్తుంది. కంటికి నలుపులో తేడా కంటే మెరుపులో తేడా ముందు తెలుస్తుంది. శాటిన్ (సగం మెరుపు) బ్లాక్ తీసుకోండి. కారు టచప్ సీసాల్లో చాలా నలుపులకు ముత్యపు పొడి, నీలం జీర ఉంటాయి, ఎండలో బయటపడతాయి. 'సాలిడ్ బ్లాక్' అని అడిగి, షాపతన్ని మెరుపు తగ్గించే మ్యాటింగ్ కలపమనండి. శాటిన్‌తో ఒక చిక్కుంది: రుద్దిన చోటు మెరుస్తుంది, మళ్లీ శాటిన్ చేయడం గుడ్డతో కాదు. బూడిద రంగు స్కాచ్‌బ్రైట్‌తో బారెల్ పొడవునా ఒకే దిశలో తేలిగ్గా తోమి, ఆ భాగం మొత్తానికి 25 సెంటీమీటర్ల దూరం నుంచి శాటిన్ క్లియర్ (రంగు లేని పూత) ఒక పలచటి కోటు కొట్టేయడమే దారి.

మూతిగురి

పై రెండు పోస్టులూ కారు పెయింటింగ్ లెక్కన బాగున్నాయి. కానీ ఇది తలుపు కాదు, లోపల స్ప్రింగూ సీలూ ఉన్న యంత్రం. పెయింట్ డబ్బా తెరిచే ముందు బారెల్ వంచి పెల్లెట్ లేదని చూసుకోండి. కాక్ చేసి (స్ప్రింగు బిగించి) ఉంచి పని చేయొద్దు. స్టాక్ విప్పిన గన్‌ను కాక్ చేయనే వద్దు.

బారెల్ వంచినప్పుడు దాని వెనక కొనకు కనిపించే బ్రీచ్ సీలు (గాలి బయటికి పోకుండా ఆపే వలయం), దానికి ఎదురుగా ట్యూబులో ఉన్న గాలి రంధ్రం, ఈ రెంటి మీదా మాస్కింగ్ టేప్ వేయండి. దూది కుక్కకండి, మరిచిపోతే లోపలికి పోతుంది. ఆ రంధ్రంలోంచి థిన్నరో టర్పెంటైనో లోపలికి దిగితే రెండు నష్టాలు: పిస్టన్ సీలు ఉబ్బి మెత్తబడుతుంది, పైగా తర్వాతి షాటుకు పిస్టన్ ఒత్తిడి వేడికి ఆ ఆవిరి అంటుకుని డీజిల్ ఇంజను లాగా పేలుతుంది. పొగ, పెద్ద చప్పుడు, గురి గందరగోళం, కొన్నిసార్లు స్ప్రింగు విరగడం కూడా. అందుకే స్ప్రే నేరుగా గన్ మీద కొట్టడం కంటే పుల్లతో చుక్క పద్ధతే నయం. క్లియర్ కోటు తప్పదనుకుంటే, కొట్టే భాగం తప్ప మిగతాదంతా కాగితంతో చుట్టేయండి.

పెయింట్ పడకూడని చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. మూతి లోపలి అంచు: అక్కడ రంగు బొట్టు పడితే పెల్లెట్ బయటికొచ్చేటప్పుడు గాలి ఒక పక్కకి ఎక్కువ తోసి గురి తప్పుతుంది. బారెల్ తిరిగే కీలు, లాచ్ కొన: ఇక్కడ రంగు నలిగి పొడై రాపిడి పెడుతుంది, బారెల్ ప్రతిసారీ ఒకే చోట మూసుకోదు. స్కోప్ బిగించే డవ్‌టెయిల్ గాడులు: మౌంట్ రంగు పొర మీద కూర్చుని ప్రతి షాటుకూ వెనక్కి జరుగుతుంది. చెక్కిన సీరియల్ నంబరు కూడా రంగుతో పూడనివ్వకండి, రేపు అమ్మేటప్పుడు అడుగుతారు.

ఇది చదివే పీసీపీ (ముందే గాలి నింపిన సిలిండరుతో పనిచేసే ఎయిర్‌గన్) వాళ్లకు ఒక మాట. మీ సిలిండరు మీద గీతకు ఈ పద్ధతులేవీ వాడకండి. దాదాపు 200 బార్ మోసే గోడ అది, గరుకు కాగితం పెట్టి లోహం తీయకూడదు, హీట్ గన్ చూపించకూడదు. కార్బన్ ఫైబర్ బాటిల్‌కు పెయింట్ రిమూవర్ తాకకూడదు. పైపూత గీత అయితే సరే, నారలు తెగి కనిపిస్తే గాలి వదిలేసి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో బాటిల్ బలం చూసే పరీక్ష) చేసేవాళ్లకు చూపించాలి.

గోదారిగట్టు

కందిపప్పంత దానికి ఇంత రామాయణమా అండి? నల్ల నెయిల్ పాలిష్ ఒక చుక్క, అయిపోయింది. నూనెకు కరగదు, పావుగంటలో ఆరుతుంది.

ఆటోనగర్_రంగులు

నెయిల్ పాలిష్ కూడా నైట్రోసెల్యులోజ్ లాకరే, అంటే ఎన్‌సీ. తుప్పు లేని, ఆవగింజంత చోటుకు తప్పు పట్టను. కానీ ఈయనది తుప్పు అంచున్న పెచ్చు, బారెల్ వంచేటప్పుడు చెయ్యి పడే చోటు. అక్కడ అది పెళుసుగా పగులుతుంది, కింద తుప్పు అలాగే ఉంటుంది. పైగా అడుగున ఉన్నది ఎనామెల్ అయితే ముడతల భయం దీనికీ ఉంది.

మార్కర్ సంగతి చెప్పలేదు. కొత్తలో నల్లగానే ఉంటుంది, తర్వాత వెలుతురులో ఊదాగా కనబడుతుంది, స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది. దాని మీద పెయింట్ వేస్తే సిరా పైకి ఊరుతుంది. రేపు ఫొటో తీయాలంటే వాడుకోండి, అంతే.

పెల్లెట్177

అసిటోన్ పరీక్ష చేశాను. స్టాక్ కింద పది సెకన్లు రుద్దితే దూదికి లేతగా నలుపు వచ్చింది, ఆ చోటు జిగటగా మారింది, ఆరాక కాస్త మసకగా ఉంది. ఎనామెలే అనుకోవచ్చా? కోల్డ్ బ్లూ గురించి ఎవరూ చెప్పలేదు.

ఆటోనగర్_రంగులు

ఎనామెలే, లాకరైతే దూది నల్లగా అయ్యేది. మీరు ఎన్‌సీ వైపు పోకండి. ఎనామెల్ శాటిన్ బ్లాక్ తీసుకోండి. హార్డెనర్ కలిపే పీయూ (పాలీయురేథేన్) పెయింట్ ఇంకా గట్టిది గానీ, అందులో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది. స్ప్రే చేస్తే మామూలు గుడ్డ మాస్క్ ఆపదు, మూడు చుక్కల పనికి ఆ ప్రమాదం అనవసరం.

వానల సంగతి: గాలిలో తేమ 80 శాతం దాటిన రోజున వేయకండి. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పొర చల్లబడి దాని మీద తేమ పడుతుంది. ఎన్‌సీ అయితే తెల్లగా పాలిపోతుంది, ఎనామెల్ మెరుపు చచ్చి ఆరడానికి రెండింతలు పడుతుంది. వాన తెరిపిచ్చిన రోజు మధ్యాహ్నం మూసిన గదిలో వేసి, 60 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బు అడుగు దూరంలో పెట్టి ఆరనివ్వండి. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉండాలి, అంతకంటే వేడి వద్దు. ఓవెన్ ఆలోచన అసలు వద్దు, సీలూ గ్రీజూ రెండూ పాడవుతాయి.

మూతిగురి

కోల్డ్ బ్లూ బోడి ఉక్కు మీద మాత్రమే పని చేస్తుంది. పెయింట్ మీద పట్టదు, మీ ట్రిగ్గర్ గార్డు లోహం మీద కూడా పట్టదు, అల్యూమినియానికి వేరే ద్రవం ఉంటుంది. బారెల్ పెచ్చులో రాస్తే ఉక్కు నల్లబడుతుంది గానీ గుంత గుంతగానే ఉంటుంది, తుప్పును ఆపే శక్తి చాలా తక్కువ, నూనె రాస్తూ ఉండాలి. నూనె రాశాక ఇక పెయింట్ పట్టదు. అంటే రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. మీకు పెయింటే. కోల్డ్ బ్లూ ద్రవాల్లో చాలావాటిలో సెలీనియం సమ్మేళనాలు ఉంటాయి, వాడేవాళ్లు గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకండి.

ఇత్తడిగొట్టం (టెక్సాస్)

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక ముక్క. ఇక్కడ బెంజమిన్ 392, 397 లాంటి పంప్ రైఫిళ్ల గొట్టం, బారెల్ ఇత్తడివి, పైన నల్ల పెయింట్. పెచ్చు లేస్తే పసుపు కనబడుతుంది. ఇత్తడికి తుప్పు రాదు, చిలుము పడుతుంది, తొందర లేదు. చిలుము తీసి, 400తో గరుకు చేసి ఎచ్ ప్రైమర్ వేయాలి. నునుపు ఇత్తడి మీద పెయింట్ నిలవదు, అసలు పెయింట్ లేచిపోవడానికీ అదే కారణం. తుపాకీ సామాన్లు అమ్మే బ్రౌనెల్స్ వాళ్ల అల్యూమాహైడ్ 2 ఎపాక్సీ స్ప్రే ఇక్కడ చాలామంది వాడేది, ఓవెన్‌లో కాల్చక్కర్లేదు, కానీ పూర్తిగా గట్టిపడటానికి వారం పైనే పడుతుంది. చిన్న చుక్కలకు బర్చ్‌వుడ్ కేసీ టచప్ పెన్ను చాలు, గ్లాస్, ఫ్లాట్ రెండూ దొరుకుతాయి. సెరాకోట్ అనే సిరామిక్ పూతలో ఎక్కువ వాడే హెచ్ రకాన్ని 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు గంటలు కాల్చాలి, అంటే గన్ మొత్తం విడదీయాలి. టచప్‌కి అది కాదు దారి.

పాత బెంజమిన్‌లలో నలుపు పెయింట్ కాదు, నల్ల నికెల్ పూత. అరిగిన చోట కింద వెండి రంగు, ఆ కింద పసుపు పొరలు కనిపిస్తాయి. అలాంటిది చేతిలో ఉంటే ఏమీ పూయకండి. సేకరించేవాళ్లు ఆ అరుగుదలకే ధర ఇస్తారు, టచప్ చేసినదానికి తగ్గిస్తారు.

పెల్లెట్177

అర్థమైంది, శాటిన్ ఎనామెల్, బూడిద ఎపాక్సీ ప్రైమర్, గార్డుకి వాష్ ప్రైమర్ రాసుకున్నాను. చివరగా, అంతా అయ్యాక ఎన్నాళ్లకు నూనె గుడ్డతో తుడవొచ్చు? రెక్సిన్ కవరులో పెట్టొచ్చా?

ఆటోనగర్_రంగులు

మూడు వారాలు నూనె తాకించకండి, కొత్త ఎనామెల్‌ను మెత్తబరుస్తుంది. ఆలోపు చెమట పడితే తడి గుడ్డతో తుడిచి వెంటనే పొడి గుడ్డ. కవరు కూడా అంతే, మెత్తటి పెయింట్ మీద లోపలి నార ముద్ర పడుతుంది. మీ వైపు వానల్లో అసలు కవరులో నిల్వ ఉంచొద్దు. లోపలి ఫోమ్ తేమ పీల్చి పట్టుకుంటుంది, టచప్ చేసిన చోటే మళ్లీ బుడగ లేస్తుంది. తీసుకెళ్లడానికే కవరు, ఇంట్లో బీరువాలో నిలబెట్టండి, మూతి గోడకు ఆనకుండా.

మూతిగురి

డీట్ ఉన్న దోమల మందు చేతికి రాసుకుని గన్ పట్టుకోవద్దు. కొత్త పెయింట్ సంగతి అటుంచండి, పాత పెయింట్ మీద కూడా వేలిముద్రలు దిగబడిపోతాయి, ప్లాస్టిక్ స్టాకూ జిగటవుతుంది.